పొగ పెట్టిందెవరు

విశ్వేశ్వరరావు పోయిన రోజు డాబా మీద ఆరేసిన బట్టలు రాత్రంతా అలాగే ఉండిపోయాయి. తీసుకురావడానికి ఎవరూ పైకి వెళ్ళలేదు. వాటర్ ట్యాంకు అడుగున వేలాడుతున్న తేనెతుట్టె ఇంకా నల్లగా కదులుతూనే ఉంది.

మొక్కలకు నీళ్ళు పోద్దామని వెళ్ళాడాయన. తేనెటీగలు ఒక్కసారిగా లేచి మీద పడ్డాయి. భార్య స్నేహలత నారాయణగూడ బడిలో తెలుగు టీచరు. కబురు అంది ఆమె ఆసుపత్రికి చేరేసరికే ఆయన ఊపిరి ఆగిపోయింది. చొక్కా కవర్లో పెట్టి చేతికిచ్చారు. ఇంటికొచ్చి విప్పితే గుప్పున పొగ వాసన కొట్టింది.

ఆ వాసన ఆమెను వదల్లేదు. చెట్లు కొట్టేశాక ఈ పెద్ద తేనెటీగలు మేడల మీద పడ్డాయి. అశోక్‌నగర్‌లో ఒక ఇల్లు వదిలితే చిక్కడపల్లిలో ఇంకో ఇంటి సన్‌షేడ్‌కు పడుతున్నాయి. వాటి జోలికి పోకపోతే అవీ మన జోలికి రావని ఆయనే అనేవాడు. మరి ఆ ఉదయం వాటి జోలికి పోయిందెవరు?

వాచ్‌మన్ పీరయ్య మర్నాడే పాలమూరు వైపు తన ఊరికి వెళ్ళిపోయాడని విన్నప్పుడు ఆమెకు సందేహం లేకపోయింది. స్టేషన్‌కు వెళ్ళి అతని మీదే అనుమానమని చెప్పి వచ్చింది.

తర్వాత ఒకరోజు పీరయ్య చెల్లెలు మంగ చిక్కడపల్లి మార్కెట్లో ఎదురైంది. మొదట మొహం తిప్పుకుంది. స్నేహలత దారి వదలకపోయేసరికి గొంతు తగ్గించి అంది:

"సెక్రటరీ సారే పొగ పెట్టిండు మేడం. లేకుంటే మా అన్న ఎందుకు పోతడు?"

ఇంకేముంది, అంతా అతికినట్టు సరిపోయింది. తుట్టె ఉంటే ఫ్లాట్లకు కిరాయిదారులు రారని సణిగేది అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఇంద్రసేనే. చూసిన వాచ్‌మన్‌ను ఊరికి పంపించేశాడు. ఆమె కూరల సంచీతోనే నేరుగా అతని తలుపు కొట్టింది.

"పొగ పెట్టింది మీరేనటగా?"

ఇంద్రసేన తలుపు పూర్తిగా తెరిచాడు. "పెట్టిన. దాచేదేముంది మేడం? కమిటీల అందరం అనుకున్నదే. సార్ ఒక్కలే వద్దన్నరు."

"వద్దన్న మనిషి డాబా మీద ఉండగానే పెట్టారా?"

"డాబా ఏంది?" అతను తెల్లబోయాడు. "నేను పొగ పెట్టింది పీరయ్యకు మేడం. ఏజెన్సీ గార్డును పెడ్దామని, రూము ఖాళీ చెయ్యమని సతాయించిన. ట్యాంకు కిందనే మా బెడ్రూం. తేనెటీగలకు పొగ పెట్టనీకె నాకేమన్న పిచ్చా?"

స్నేహలత సంచీ కింద పెట్టింది. జాతీయాలకు సొంతవాక్యాలు రాయించేటప్పుడు పిల్లలకు ఆ మాట ఆమే ఇస్తుంది. ఒక్క పిల్లవాడు కూడా దాన్ని నిజం పొగ అనుకోలేదు.

"మరి ఆయన చొక్కాకు పొగ వాసన?"

"గా వాసన తేనెటీగలను తోలనీకె పీరయ్య ముట్టిచ్చిన గోనెసంచిది. సార్‌ను గుంజుకొచ్చింది వాడే. మొఖమంత వాచి కండ్లు మూసుకపోయినయి. సూదులేయించుకొని ఊరికి పోయిండు."

"నాకెవరూ చెప్పలేదే?"

"మీరు స్టేషన్ల వాని పేరే చెప్పొచ్చిన్రు. ఇగ నోరు తెరుస్తరా ఎవరన్న?"

ఆమె మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. గోనెసంచి ముందు అంటుకుందా, తేనెటీగలు ముందు లేచాయా అని అడిగింది.

ఇంద్రసేన ఆమె మొహంలోకి చూడలేదు. "నేను కిటికీలు మూసుకుంటున్న మేడం. చూడలే."

చూసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. మార్కెట్లో మంగ ఇచ్చిన పీరయ్య ఫోన్ నంబరు ఆమె దగ్గరుంది. అతను చెప్పేది నమ్మగలనో లేదో ఆమెకే తెలియదు. ట్యాంకు కింది తుట్టె ఈమధ్య ఖాళీ అయింది. బడి మూడో అంతస్తు కిటికీ పైన కొత్తది పట్టింది. హెడ్‌మిస్ట్రెస్ కిటికీలు మూయించింది.

స్నేహలత పీరయ్యకు ఫోన్ చేయలేదు. స్టేషన్లో చెప్పిన మాట ఇంకా వెనక్కి తీసుకోలేదు.