పదకొండు పైకప్పులు

అన్యాయం ఎవరికి జరిగింది? సూరత్ శివార్లలోని ఉన్‌లో, మరమగ్గాల కార్మికుల వాడలో ఉండే ఎల్లవ్వకూ, ఆమె వరుసలోని మరో పది కుటుంబాలకూ. ఎలా జరిగింది? వాళ్ల పదకొండు ఇళ్లను ఒకే ఇల్లుగా లెక్కించడం వల్ల. ఆ గీత గీసిన చెయ్యి నాది.

హజీరాలోని ఒక ప్లాంటులో ఇంజనీరుగా రిటైరైన మావారు త్రివిక్రమరావుగారు సర్వే కాంట్రాక్టులు తీసుకుంటారు. ఉపగ్రహ చిత్రాల్లో ప్రతి కట్టడం చుట్టూ హద్దు గీయాలి. ఆ గీతలను చూసి నేర్చుకున్న కంప్యూటరు మిగతా నగరంలోని ఇళ్లను గుర్తుపడుతుంది. మూడేళ్లుగా, వంట ముగించి, గీస్తున్నది నేను. నివేదిక మీద పేరు ఆయనది. "మౌసు తిప్పడం కూడా ఒక పనేనా లలితా? పోపు వేసినంత సేపు పట్టదు," అని అతిథుల ముందు నవ్వేవారు. కాఫీ అందిస్తూ నేనూ నవ్వాను. అందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఆ సర్వే ఆధారంగా, రోడ్డు వెడల్పు కోసం తీసేసే ఇళ్ల జాబితా వచ్చింది. ఒక్కో కట్టడానికి బదులు ఒక్కో ఫ్లాటు ఇస్తారు. మా ఇంట్లో పనిచేసే ఎల్లవ్వ గిన్నెలు వదిలి నా ఎదుట నిలబడింది.

"పదకొండు ఇండ్లకు ఒక్కటే ఫ్లాటట అమ్మా. ఆకాశంల కెల్లి సూసెటోనికి మా పొయ్యిలు కనవడలేదా? గా ఒక్క ఫ్లాట్ల అందరం నిలవడి పండాల్నా?"

నేను హద్దులు గీసిన చిత్రం తెరిచాను. వానలకు ముందు ఆ వరుస ఆడవాళ్లంతా కలిసి ఒకే పెద్ద నీలి టార్పాలిన్ కొని, అన్ని రేకుల మీదా పరిచారు. పైనుంచి అది ఒకే కప్పు. జనవరి చిత్రం వెతికాను: పదకొండు కప్పులు, మధ్య సన్నని నీడలు.

"సంతకం నాది," అన్నారు మావారు. "తప్పని ఒప్పుకుంటే రేపు కాంట్రాక్టు ఎవడిస్తాడు? పనిమనిషి కోసం నా పరువు తీస్తావా?"

నా గర్భసంచి తీసిన ఏడాది, "ఆడవాళ్ల సంగతులు నాకేం తెలుసు," అని ఈయన ప్లాంటుకు వెళ్లిపోయారు. నలభై రోజులు నా నెత్తుటి బట్టలు ఉతికి, నన్ను లేపి నడిపించింది ఎల్లవ్వ. ఆ మాట ఒక్కనాడూ ఎత్తలేదు.

చిన్నప్పుడు కాన్వెంటు బడిలో మా సిస్టర్ తప్పును రబ్బరుతో చెరపనిచ్చేది కాదు. కొట్టేసి, పక్కన సరిదిద్ది, పేరు రాయమనేది.

అభ్యంతరాల విచారణకు ఎల్లవ్వతో కలిసి వెళ్లాను. రెండు చిత్రాలూ అధికారి ముందు పెట్టి, "ఈ హద్దు తప్పు. గీసింది నేను," అన్నాను.

"రిపోర్టులో రావ్‌సాబ్ పేరుంది కదా, బెన్?" అన్నాడాయన, గుజరాతీలో అక్కను పిలిచినట్టు.

"పేరు ఆయనది. పని నాది. రాసుకోండి."

ఆ సాయంత్రమే మౌసును మావారి బల్ల మీద పెట్టేశాను.

అధికారులు ఉన్‌కు వచ్చి గోడ గోడా టేపుతో కొలిచారు. సవరించిన జాబితాలో పదకొండు పేర్లు వచ్చాయి. ఏడోది ఎల్లవ్వది. నేను చదివి చూపిస్తే ఆ అక్షరాలను వేలితో తడిమి, నా వైపు తిరిగి నవ్వింది.

"గా నలభై దినాలది ఇయ్యాల్టికి చెల్లిపాయె తియ్యమ్మా."

ఆమె మరిచిపోలేదు. మరిచిపోవలసిన అవసరం ఆమెకేముంది? "చెల్లింది," అన్నాను, తలెత్తి.