ఫ్రిజ్‌లో ఉడుము

మా అత్తయ్యను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకునే ముందు రోజు కారు హీటర్ మొరాయించింది. ఎంత తిప్పినా చల్లగాలే కొడుతోంది. బయటేమో ఎముకలు కొరికే చలి. ఆమె ఊపిరితిత్తులు అసలే అంతంతమాత్రం, దారిలో చలి సోకితే మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"హీటర్ బాగుచెయ్యి నాన్నా, రేపే అమ్మని తెచ్చేసుకుందాం. కాకపోతే వృద్ధాశ్రమంలో చేర్పిద్దాం. ఆస్పత్రి పక్కనే కదా, చలిలో తిప్పే పని ఉండదు," అన్నాడు మా ఆయన మామయ్యతో.

మాట తేనెలో ముంచి తీసినట్టే ఉంది. అసలు సంగతి ముందుగది. తల్లి వస్తే అందులోంచి ఆయనగారి ఆఫీసు బల్ల తీసెయ్యాలి. కన్నతల్లికీ చెక్కబల్లకీ పోటీ పెట్టి బల్లను గెలిపించుకునే మనిషిని కట్టుకున్నాను, నా ఖర్మ.

మామయ్య బతుకంతా బస్సుల షెడ్డులో మెకానిక్. "హీటరేగా! ఇంజన్ కాచిన నీళ్ళు ఈ గొట్టంలోంచి లోపలికెళ్తాయి, ఆ వేడే గాలికి అంటుతుంది. దీనికేం బ్రహ్మవిద్య కావాలా తల్లీ?" అంటూ పెట్టె తెరిచాడు. అందులో ప్రతి పనిముట్టుకూ ఒక పేరుంది. గొట్టాన్ని కరిచిపట్టి, మీట నొక్కేదాకా వదలని పట్టకారు పేరు ఉడుము.

"ఉడుమేంటి మామయ్యా!"

"పట్టిందంటే వదలదమ్మా. మీ అత్తయ్య టైపు," అని తనే పకపకా నవ్వాడు.

నీళ్ళు కారకుండా ఉడుముతో గొట్టం నొక్కిపెట్టాడు. ఇంజన్ నీళ్ళ వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ పాడైతే మార్చాడు. ఉడుమును తీసి పెట్టెలో పెట్టాడు. నీళ్ళు నింపి, ఇంజన్ వేడెక్కాక నన్ను కేకేశాడు. నేను చెయ్యి పెట్టి చూశాను. వేడిగాలి! అబ్బ, ప్రాణం లేచొచ్చింది. మామయ్య ముఖం చూడాలి, పెళ్ళికొడుకు కూడా చాలడు. కూనిరాగం తీస్తూ స్నానానికి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళాడో లేదో, వంటింటి కిటికీలోంచి చూద్దును కదా, మా ఆయన పెట్టెలోంచి ఉడుమును తీసి ఇంజన్ వెనకాలకు మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. తండ్రికి సాయం చేస్తున్నాడు కాబోలని మురిసిపోయాను, నా మొహం.

సాయంత్రం మామయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి కొడుకును కారులో కూర్చోబెట్టాడు. "చెయ్యి పెట్టి చూడరా!"

చల్లగాలి.

"ఇందాక వచ్చిందిరా..."

"వచ్చిందనుకున్నావేమోలే నాన్నా."

"లేదండీ, నేనూ చూశాను," అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. మామయ్య బానెట్ ఎత్తి, మసక వెలుతురులో గొట్టాలు తడుముతూ చాలాసేపు వెతికాడు. మా ఆయన జాలిగా ఆయన భుజం తట్టి, మెకానిక్‌కు చూపిస్తానని కారు తీసుకెళ్ళాడు. నేను పొయ్యి మీద పెట్టిన టీ మరిగేలోపు తిరిగొచ్చాడు. కారు లోపల కమ్మటి వేడి.

"ఏం చేశాడురా?" అని మామయ్య ఆత్రంగా అడిగాడు.

"ఏముంది, రెండు నిమిషాల పని. ఇంతకుముందు దీన్ని చూసిన మహానుభావుడెవరని నవ్వాడు."

మామయ్య పెట్టె దగ్గరికి వెళ్ళాడు. పనిముట్లు సర్దుకుంటుంటే ఉడుము కనిపించలేదు. కారు కింద, చెత్తబుట్టలో, చివరికి తన పక్క కింద కూడా వెతుక్కున్నాడు.

పొద్దున్నే పాల కోసం ఫ్రిజ్ తలుపు తీసి అలాగే నిలబడిపోయాడు. పాల పక్కన ఉడుము.

"అయ్యో, ఇక్కడ పెట్టావా నాన్నా?" అన్నాడు మా ఆయన, ఎంత మెల్లగానో. "పోనీలే, వయసు. హీటర్ పనిచేస్తోంది కాబట్టి అమ్మని తేవడం ఇక నీ ఇష్టం."

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఒళ్ళు మండిపోయింది. "మామయ్యా, అది మీరు పెట్టింది కాదు. మీరు స్నానం చేస్తుంటే ఈయనే దాన్ని తీసి, వేడినీళ్ళు లోపలికి పోకుండా గొట్టానికి బిగించాడు. నా కళ్ళతో చూశాను! మెకానిక్ పేరు చెప్పి వెళ్ళి తనే విప్పుకొచ్చాడు!"

మామయ్య చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి లాక్కెళ్ళాను. బానెట్ ఎత్తి టార్చి వేశాను. ఇంజన్ వెనక, గొట్టం మీద ఉడుము పళ్ళ గంట్లు స్పష్టంగా ఉన్నాయి. "ఇదిగో, చూడండి!"

ఆయన వేలితో ఆ గంట్లు తడిమాడు.

"నేనే బిగించానమ్మా, నీళ్ళు కారకుండా. తియ్యడం మర్చిపోయుంటాను. సాయంత్రం తడుముతూ తీసి ఫ్రిజ్‌లో పెట్టినట్టున్నాను, గుర్తులేదు."

"తీశారు మామయ్యా! వేడిగాలి వచ్చింది కదా, నేను చెయ్యి పెట్టాను కదా!"

"నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అంటున్నావు. కన్నకొడుకు అంత పని చేస్తాడా? ముసలాడి కోసం మొగుణ్ణి చెడ్డవాణ్ణి చెయ్యకు. నీ మనసు వెన్న. చల్లగా ఉండు తల్లీ." నా తల మీద చెయ్యి పెట్టాడు. "పట్టకారును ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ణి, మీ అత్తయ్య నోట్లో ఏ మందు పోస్తానో. వద్దమ్మా, ఆశ్రమంలోనే ఉండనీ."

మా ఆయన గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు. ఆ గ్లాసు లాక్కుని నేలకేసి కొట్టాను. ముక్కలు కూడా మామయ్యే ఏరాడు. కోడలు అత్తను గడప తొక్కనివ్వలేదని రేపు చుట్టాలంతా నన్నే ఆడిపోసుకుంటారు, అనుకోనీ.

ఆస్పత్రికి వెళ్ళేదాకా కారులో వేడిగాలి కొడుతూనే ఉంది. అత్తయ్య జడ వేయించుకుని, చీర మార్చుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద సిద్ధంగా కూర్చుంది.

"హీటర్ బాగుపడిందా?" అంది మమ్మల్ని చూడగానే.

మామయ్య ఆమె ఒళ్ళోంచి సంచి తీసి పక్కన పెట్టాడు. "లేదే. నావల్ల కాలేదు."

"అంతేగా, దానికి అంత దిగులెందుకు?" అంటూ ఆమె ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "చలి తగ్గాక వెళ్దాంలెండి."