ఎర్ర బండి మీద ఆఖరి పూత

మా ఆయన బల్ల జోలికి ఎవరూ వెళ్ళకూడదని మా ఇంట్లో ఒక చట్టం ఉంది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉంది. ఆ బల్ల నిండా ప్లాస్టిక్ ముక్కలు, జిగురు గొట్టాలు, పుల్లలకు గుచ్చి ఆరబెట్టిన చక్రాలు, వెంట్రుకంత కుంచెలు. బొమ్మ బండ్లు అంటే ఆయనకు కోపం, మోడళ్ళు అనాలి. సరే, మోడళ్ళే. ముప్ఫై ఏళ్ళు ఆ థిన్నరు కంపు పీల్చీ పీల్చీ నాకూ సగం విద్య పట్టుబడింది. ముక్కల్ని ముందు సబ్బునీళ్ళతో కడగాలి, ఆరాక బూడిదరంగు ప్రైమరు కొట్టాలి, అది గట్టిగా పట్టుకుంటేనే పైన రంగు నిలుస్తుంది. అన్నీ అయ్యాక మెరుపు కోసం వార్నిష్. పూతకీ పూతకీ మధ్య బోలెడంత ఓపిక. అందులో పదో వంతు నా మీద చూపించి ఉంటే నేనెంత సుఖపడేదాన్నో!

ఆయన ఫైరింజను డ్రైవరు. రిటైరయ్యాక తను తోలిన బండినే మోడల్ చెయ్యడానికి కూర్చున్నారు. పని సగంలో ఉండగా కళ్ళు మొరాయించాయి. డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. కంటి లోపల మధ్యభాగం అరిగిపోతోందట. చుట్టుపక్కల కనిపిస్తుంది గానీ సూటిగా చూసినచోట మసకేనట, రంగులూ వెలిసిపోతాయట. పోయిన చూపు మళ్ళీ రాదట. ఇంటికొచ్చాక ఆయన ఒక్కటే అన్నారు, ఇదే నా ఆఖరి బండి, దీన్ని మాత్రం పూర్తి చేస్తానని.

ఎనిమిది నెలలు పట్టింది. ఎరుపే తొమ్మిది పూతలు వేశారు. తలుపు మీద బండి నెంబరును తల పక్కకు వంచి, కంటి కొసతో చూస్తూ, ఊపిరి బిగబట్టి రాశారు. అసలు మీకెంత కనిపిస్తోందండీ అని అడిగితే, నీ మొహంలో కోపం కనిపించేంత, అనేవారు. నేను నమ్మాను. నమ్మితే నాకు తేలిక, అందుకే నమ్మాను.

ఇక మిగిలింది వార్నిష్ ఒక్కటే. శనివారం లైబ్రరీ హాల్లో ఆయన మోడళ్ళ క్లబ్బు వాళ్ళ ప్రదర్శన. పొద్దున పదకొండింటికి క్లబ్బులో ఆయన పాత స్నేహితుడు డ్రాయింగు మేష్టారు కారేసుకొచ్చి బండిని తీసుకెళ్తానన్నారు. ఇంటికి మనిషొస్తున్నాడంటే నా చేతులు ఊరుకోవు కదా. శుక్రవారం ఆయన స్నానానికి వెళ్ళగానే చట్టం అటకెక్కించాను. బల్ల దులిపాను, పైనున్న అర తుడిచాను, స్ప్రే డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం బారుగా పేర్చాను. ఎంత పొందిగ్గా ఉందోనని కాసేపు నిలబడి మురిసిపోయాను కూడా.

ప్రైమరు డబ్బా, వార్నిష్ డబ్బా ఒకే ఎత్తు, ఒకే లావు. తేడా అంతా మూత రంగులోనూ, పైన రాసిన అక్షరాల్లోనూ ఉంది. ఆ మూతల రంగు పోల్చడం, ఆ అక్షరాలు చదవడం ఆయన ఎప్పుడో మానేశారని నాకెవరు చెప్పారు? ఎడమ నుంచి మూడో డబ్బా వార్నిష్. అంతే ఆయన లెక్క. కన్ను చెయ్యలేని పనంతా చేత్తో నెట్టుకొస్తున్నారు, నాతో ఒక్క ముక్కా అనకుండా.

శనివారం పొద్దున బాల్కనీలో అట్టపెట్టె పెట్టుకుని, మాస్కు కట్టుకుని, రంగు తుంపరలు పడి మసకబారిన పాత కళ్ళద్దాలే తగిలించుకుని, ఎడమ నుంచి మూడో డబ్బా తీసి బండి మీద కొట్టారు. నేను కూరగాయలు తరుగుతున్నాను. కాసేపటికి పిలిచారు.

"ఇలా వచ్చి చూడు. మెరుస్తోందా?"

ఎరుపు లేదు. నెంబరు లేదు. నిచ్చెన నుంచి చక్రాల దాకా బండంతా ఒకటే బూడిదరంగు. ఎనిమిది నెలల పని దాని కిందకు వెళ్ళిపోయింది.

నా నోటికి ఈ వీధిలో పేరుంది. పాలవాడి దగ్గర్నుంచి పై వాటా వాళ్ళ దాకా అందరూ జంకుతారు. ఆ నోరు ఆ పూట ఒక్క మాటే అంది. "మెరుస్తోంది."

ఆయన చిన్నగా ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్ళారు. దూదిని రంగు కరిగించే థిన్నరులో ముంచి బండి అడుగున, ఎవరికీ కనిపించనిచోట రుద్ది చూశాను. బూడిదరంగుతో పాటు ఎరుపూ ఊడొచ్చి కింద ప్లాస్టిక్ తేలింది. అక్కడితో ఆపేశాను. చేతులారా చేశాను, ఇక ఈ చేతులతో బాగుచెయ్యడం నా వల్ల కాదు.

మేష్టారు గేటు తియ్యగానే ఎదురెళ్ళి జరిగిందంతా గుసగుసగా చెప్పాను. బాగుందని ఒక్క మాట అనండి అన్నయ్యగారూ, తర్వాత నేనే మెల్లిగా చెప్పుకుంటాను అని బతిమాలాను. మేష్టారు తల వంచుకుని లోపలికి వచ్చారు.

వాళ్ళ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. మోడల్ చేతిలోకి తీసుకున్నవాడు ముందు ఒక తప్పు చెప్పి తీరాలి. ఉత్త పొగడ్త చుట్టాలకూ చంటిపిల్లలకూనట. ఈ మేష్టారైతే మరీను. ఒకసారి చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళిన మనిషి, బండి మీది నిచ్చెన మెట్టు ఒకటి వంకర పోయిందని చెప్పడానికి వెనక్కొచ్చారు.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న మా ఆయన బండిని రెండు చేతులా అందించారు. మేష్టారు అటూ ఇటూ తిప్పారు.

"చాలా బాగుందయ్యా."

మా ఆయన నవ్వారు. "ఊఁ, తప్పు చెప్పండి."

"తప్పేం లేదు."

"నెంబరు?"

"నెంబరూ బాగుంది."

మా ఆయన మొహంలో నవ్వు మెల్లిగా పోయింది. "ముప్ఫై ఏళ్ళలో మీరు నా బండికి వంక పెట్టని రోజు లేదు మేష్టారూ. ఏమైంది దానికి?"

మేష్టారు నా వైపు చూశారు. ఇక తప్పదు.

"బూడిదరంగుగా ఉందండీ," అన్నాను. "నిన్న డబ్బాలు నేను సర్దాను. మీరు ప్రైమరు కొట్టారు."

"మొత్తమా?"

"మొత్తం."

తిడతారని చూశాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆయన చెయ్యి చాపితే మేష్టారు బండిని అందులో పెట్టారు. బొటనవేలితో తలుపు మీద నెంబరు రాసినచోట తడిమి, బండిని మళ్ళీ మేష్టారికే ఇచ్చేశారు.

"పూత సమంగా పడిందా?" అని అడిగారు.

మేష్టారు జేబులోంచి కళ్ళజోడు తీసి, బండిని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. "వెనక చక్రం పైన మందంగా పడింది. అక్కడ నీ చెయ్యి ఆగింది."

"ఆగింది," అన్నారు మా ఆయన. "నాకూ తెలిసింది."

ఇద్దరూ కూర్చుని ఆ మందం గురించే మాట్లాడుకున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే నేనూ ఒకటి అనేదాన్ని. ఆ వంకనైనా ఏడ్చేదాన్ని.