అంకెల్లో కలిసిపోయిన నంబరు

కామారెడ్డిలోని ఒక చిన్న వార్తల వెబ్‌సైటులో పేజీలు పెట్టడం అనిల పని. మండుటెండల్లో ఒకరోజు ఎల్లారెడ్డి నుంచి భీమేష్ అనే రైతు వచ్చాడు. మతిమరుపున్న వాళ్ల బాపు పర్శరాములు బస్టాండులో తప్పిపోయాడట. అనిల అప్పటికప్పుడే ఫోటోతో ప్రకటన పెట్టింది. రాసే చోట పేరు, ఊరు, ఫోన్ నంబరు సరిగ్గానే కనబడ్డాయి. బయటికి పేజీ ఎలా వచ్చిందో ఆమె తెరిచి చూడలేదు.

వారం తిరగకముందే సదాశివనగర్‌లో చాయ్ హోటల్ నడిపే ఈరవ్వ ఆఫీసుకొచ్చి తన ఫోన్ చూపించింది. ఫోటో కింద ఒక్క తెలుగు ముక్క లేదు. పర అంటూ కింది దాకా అంకెలే.

"ఈ పెద్దమనిషి నా హోటల్లనే ఉండె బిడ్డా. ఫోన్ చేద్దామంటే గీ అంకెలల్ల నంబరు ఏదో ఎర్కైతలేదు. అడుగుదామని బయలెల్లేటాల్లకు మనిషే లేడు."

అనిల అప్పుడు ఆ పేజీని తెరిచి చూసింది. వెబ్ పేజీలో తెలుగు అక్షరం అంకెల గుర్తుగా మారితే, చదివేవాళ్ల ఫోను దాన్ని మళ్లీ అక్షరం చేయాలి. కొత్తగా పెట్టిన సాఫ్ట్‌వేర్ ఆ గుర్తులో మొదటుండే '&'ను కూడా ఇంకోసారి మార్చేసింది. దాంతో ఫోన్లలో గుర్తులు గుర్తులుగానే మిగిలాయి. వెంటనే భీమేష్‌కు ఫోన్ చేసింది. పేజీని సరిచేసింది. అక్షరాలు తేటగా కనబడుతుండగానే పోలీసుల నుంచి కబురొచ్చింది. రామారెడ్డి దారిలో, ఒక పొలం గట్టు మీద పర్శరాములు ఎండదెబ్బకు పోయాడు.

దినాలయ్యాక అనిల ఈరవ్వను వెంటబెట్టుకుని ఎల్లారెడ్డి వెళ్లింది. జరిగిందంతా దాచకుండా చెప్పింది. భీమేష్ తల వంచుకుని విన్నాడు. అతని తల్లి ముత్తవ్వకు గుర్తుల సంగతి అర్థం కాలేదు. ఆమె ఈరవ్వ వైపు జరిగింది.

"నీ దగ్గర మంచిగ తిన్నడా అక్కా?"

"తిన్నడు. అన్నం పెట్టినప్పుడల్లా, ముత్తవ్వ తిన్నదా అని అడుగుతుండె. ఏ ఊరంటే మాత్రం చెప్పకపోతుండె."

ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈరవ్వ ఆమెను దగ్గరికి తీసుకుంది. అనిల గడప దగ్గరే నిలబడిపోయింది. కాసేపటికి భీమేష్ లేచి, అనిలకు నీళ్లు తెచ్చిచ్చాడు.