రాంచీ ఎండ

ఇల్లు కట్టకముందే దాన్ని కంప్యూటర్లో కట్టి, ఒక ఏడాది ఎండనూ గాలినీ వాననూ దాని మీదికి వదిలి, లోపల మనిషి ఉండగలడో లేడో చూడటం మా అమ్మాయి స్మిత ఉద్యోగం. జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో మా తెలుగువాళ్ళ రామమందిరం మీద ఒక గది వేద్దామనుకున్నప్పుడు, కమిటీ అధ్యక్షుడు సీతారామరావు గారు ఆ పని స్మితకే అప్పగించారు. గది నా భార్య బంగారమ్మ బడి కోసం. ఇన్నేళ్ళూ ఆమె మందిరం వసారాలో, చెప్పుల పక్కన, మధ్యాహ్నంపూట పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దిస్తోంది. తెలుగులో పిలిస్తే హిందీలో పలికే పిల్లలు వాళ్ళు. రాముడి పేరైనా మన అక్షరాల్లో చదవాలని ఆమె కోరిక.

శ్రీరామనవమికి గది ప్రారంభం అన్నారు సీతారామరావు గారు. శ్లాబు పోస్తే అప్పటికి అవదు, రేకులైతే అవుతుంది. రేకుల కింద పిల్లలు కూర్చోగలరా అన్నది స్మిత తేల్చాలి.

లెక్కకు ఈ ఊరి ఏడాది వాతావరణం కావాలి. స్మిత దగ్గరున్న వాటిలో రాంచీది ఉంది, మాది లేదు.

"రాంచీది పెడితే తప్పేటి?" అన్నాను.

"రాంచీ కొండ మీద ఉంది, పాపా. వహా కీ గర్మీ, యహా కీ గర్మీ ఏక్ హై క్యా?" అంది. అక్కడి వేడీ ఇక్కడి వేడీ ఒకటేనా అని. కోపం వస్తే హిందీలోకి పోతుంది.

చాలా రోజులు వెతికింది. చివరికి ఉపగ్రహాలతో లెక్కగట్టిన మా ఊరి ఏడాది ఒకటి దొరికింది. నిజంగా గడిచిన ఏడాది కాదట. జనవరి ఒక సంవత్సరానిది, మే ఇంకో సంవత్సరానిది, మామూలుగా ఉన్న నెలలు ఏరి కుట్టారట.

"దేవుడు సెయ్యని ఏడాదన్నమాట. మరందులో పండగలుంటాయా?" అని అడిగితే నవ్వింది.

లెక్క తేలాక నవ్వలేదు. నవమి వెళ్ళింది మొదలు వానలు పడేదాకా, రేకుల కింద మధ్యాహ్నాలు పిల్లలు కూర్చోలేరు.

సీతారామరావు గారు ఆ కాగితం చూసి పక్కన పెట్టారు.

"అమ్మా స్మితా, ఒక పంతులుగారు పెళ్ళికి ముహూర్తం నేదంటే ఏటి సేత్తాం? ఇంకో పంతులుగారి కాడికి ఎల్తాం. నువ్వూ ఇంకో ఊరి ఎండ సూడు తల్లీ. రాంచీది ఉందంట గదా?"

"ముహూర్తం మారిస్తే పెళ్ళి అవుద్ది అంకుల్. ఊరు మారిస్తే ఎండ తగ్గదు."

"బాగుంది! ఏటి బావా, నీ కూతురు రావుడి పనికి అడ్డం పడతంది?"

"పోనీలేమ్మా, దేవుడి కార్యం" అన్నాను నేను.

రాంచీ ఎండతో చేసిన లెక్క మీద సంతకం చెయ్యనని చెప్పి స్మిత లేచిపోయింది. ఊళ్ళోనే, సాక్చిలో ఇంకెవరో రాంచీ ఎండతో లెక్క చేసిచ్చారు. అందులో గది హాయిగా ఉంది. రేకులు పడ్డాయి. నవమినాడు అక్కడే పానకం పంచారు.

కొద్ది రోజులకే ఎండలు ముదిరాయి. సోనీ అనే పిల్ల పలక మీదే వాంతి చేసుకుని వాలిపోయింది. మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది.

"అక్కా, దీనికి తెలుగు రాపోతే సస్తదా? ఆ గదిలో ఉంటే మాత్రం సస్తది" అనేసి పోయింది.

తక్కిన పిల్లలూ ఒక్కొక్కరే మానెయ్యసాగారు. మళ్ళీ వసారాలోకి దిగుదామంటే, అక్కడ పైగదికి మెట్లు కట్టేశారు.

ఆ నెలలోనే గర్భగుడి పక్కన ఏసీ పెట్టించారు.

"ఈ ఊరి ఎండకి రావుడు తట్టుకోనేడు బాబూ!" అన్నారు సీతారామరావు గారు మైకులో. అందరూ జై కొట్టారు. నేనూ కొట్టాను. రాముడికి ఈ ఊరి ఎండ, పిల్లలకు రాంచీ ఎండ. అలా పంచమని ఆయన అడిగి ఉంటాడా?

మిగిలిన కొద్దిమందినీ బంగారమ్మ ఆ చల్లదనంలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తుంటే సీతారామరావు గారు వచ్చారు.

"చెల్లెమ్మా, భక్తులు వత్తన్నారు. పిల్లల్ని పైకి తీస్కెల్లు. గది కట్టించాం గదా!"

ఆమె పలకలన్నీ తడిగుడ్డతో తుడిచి, ఎవరింటికి వాళ్ళను పంపేసింది.

ఇప్పుడు పైగదిలో మైకు సెట్లూ కుర్చీలూ ఉన్నాయి. నేను రోజూ హారతికి వెళుతున్నాను. బంగారమ్మ రాదు.

"రావుడి మీద కోపమా?" అని ఒకసారి అడిగాను.

"ఆయన మీద నాకేటి కోపం? జై కొట్టింది మీరు గదా" అంది.