రేపుగారి రెక్క

మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే నేను అతని సామాను చూస్తాను. మొహానికేం, నవ్వమంటే ఎవరైనా నవ్వుతారు. సముద్రం పక్కన, అలల మీద ఆడే బోర్డులు బాగుచేసే షెడ్డు నాది. విరిగినవీ, పగిలినవీ, నీళ్లు తాగి ఉబ్బినవీ రోజూ నా బల్ల మీదికి వస్తుంటాయి. "నేనేం చెయ్యలేదండీ, దానంతటదే విరిగింది" అని చెప్పనివాడు ఇంతవరకు నాకు తగల్లేదు. వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. అందుకే మా చెల్లి చేసుకుంటానంటున్న మనిషి తన ఫాయిల్ బోర్డును మా షెడ్డులో పెట్టుకుంటానని అడిగినప్పుడు, "దానికేం భాగ్యం, పెట్టుకోండి" అన్నాను. వాళ్లిద్దరూ అటు తిరగ్గానే ఆ బోర్డు తెచ్చిన సంచి జిప్పు లాగాను.

ఫాయిల్ బోర్డు చూడనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. మామూలు తెడ్డు బోర్డు మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోతాం, అది నీటి మీదే తేలుతుంది. ఫాయిల్ బోర్డుకైతే అడుగున నడుమెత్తు అల్యూమినియం స్తంభం ఉంటుంది, మాస్టు అంటాం. ఆ మాస్టు కింది కొసన, విమానానికి ఉన్నట్టు, ముందొక పెద్ద రెక్క, వెనకొక చిన్న రెక్క. అల తోసి వేగం అందగానే నీళ్లలో ఉన్న రెక్క బోర్డును పైకి లేపుతుంది. పైనున్న మనిషి తెడ్డు పట్టుకుని గాల్లో నిలబడి పోతున్నట్టు కనిపిస్తాడు. చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ నాకు ఆ రెక్కలంటే మొదటినుంచీ పడదు. వాటి అంచు కొడవలి లాంటిది. పడ్డప్పుడు అది ఎటు పోయిందో చూసుకోకపోతే అంతే సంగతులు.

సంచిలోంచి ముందు రెక్క తీసి వెనక అంచు మీద బొటనవేలు పెట్టాను. మొండిగా ఉంది. చివర్లు కూడా మొండివే. ఎవరో ఇసుక కాగితంతో అంచు పొడవునా గుండ్రంగా అరగదీసి, పైన రెజిన్ పూసి, మళ్లీ నున్నగా రుద్దారు. పని మాత్రం ఓపికగా చేశారు. ఆట తెలిసినవాడెవడూ తన రెక్కకు ఆ గతి పట్టించడు. అంచు మొద్దుబారితే వేగం చస్తుంది, నీళ్లలో కూత పెడుతుంది. ఈయనేమో చాలా ఏళ్లనుంచి ఆడుతున్నానని చెప్పుకుంటున్నాడు. 'ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నావు నాయనా' అనుకుని జిప్పు వేసేశాను.

అమ్మ పోయాక చెల్లిని పెంచింది నేను. జడ వేసిందీ నేనే, ఈత నేర్పిందీ నేనే, తెడ్డు చేతికిచ్చిందీ నేనే. ఇప్పుడు అది ఒడ్డున పదిమందికి తెడ్డు బోర్డు నేర్పుతోంది. కళ్లద్దాల షాపులో పనిచేసే ఈ పెద్దమనిషి దానికి ఆ ఒడ్డునే పరిచయం. "అక్కా, నువ్వు సరే అంటేనే ఈ పెళ్లి. నువ్వు కాదంటే నేను నోరెత్తను" అని చెప్పేసింది. అది మాట మీద నిలబడే మనిషి. నేను వద్దంటే నిజంగానే నోరెత్తదు, పైకి నవ్వుతూ లోపల్లోపల కుమిలిపోతుంది. సరే అన్నాక వాడు అబద్ధాలకోరని తేలితే, దాని గొంతు నా చేత్తో కోసినట్టే. ఆదివారం అతని అమ్మానాన్నా మాట్లాడడానికి వస్తున్నారు. ఈలోగా నేను ఏదో ఒకటి తేల్చుకోవాలి.

అతను దానికి ఫాయిల్ నేర్పుతున్నాడు. ఎలా నేర్పుతున్నాడనుకున్నారు? ఒడ్డునుంచి! మోకాలి లోతు నీళ్లలో నిలబడి "బరువు ముందు కాలి మీద పెట్టు, దూరం చూడు, కిందికి చూడకు" అని అరుస్తాడు. దానికి హెల్మెట్టు, మందపాటి జాకెట్టు తగిలిస్తాడు. పడితే బోర్డుకు దూరంగా ఎలా దూకాలో పదే పదే చేయిస్తాడు. తను మాత్రం ఒక్కసారి కూడా ఎక్కడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఇవాళ మీరు ఎక్కి చూపించండి, మేమూ కళ్లారా చూస్తాం."

"ఇవాళ వద్దు వదినగారూ. గాలి సముద్రం మీంచి ఒడ్డుకి కొడుతోంది. అలలన్నీ చెదిరిపోయాయి. రేపు చూద్దాం."

"నేనింకా వదినని కాలేదు," అన్నాను.

మర్నాడు గాలి తగ్గింది. అతను నీళ్లకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. "అలకీ అలకీ మధ్య ఎడం లేదండీ. పడి లేచేలోపు రెండోది నెత్తి మీదుంటుంది. రేపు చూద్దాం."

నాకు ఒళ్లు మండిందంటే మండదా మరి? అతను చెప్పేవి తప్పులైనా బాగుండేది. ఈ ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, ఏది మంచి అలో నాకూ తెలుసు. చెప్పినవన్నీ నిజాలే. కానీ నిజాలు ఫోన్ చూసి కూడా వల్లించొచ్చు కదా. ఆ రోజునుంచి అతనికి 'రేపుగారు' అని పేరు పెట్టాను. చెల్లి మొహం ముడుచుకుంది, నేను లెక్కచెయ్యలేదు.

ఒడ్డున కాపలా ఉండి మునిగేవాళ్లని బయటికి లాగే పెద్దాయన ఒకరున్నారు. అందరం బాబాయ్ అంటాం. ఆయన్ని పక్కకు పిలిచి అడిగాను. "బాబాయ్, మా చెల్లి వెంట తిరిగే ఆ మనిషిని ఎప్పుడైనా బోర్డు మీద చూశావా?"

"మోకాలి లోతు దాటగా చూళ్లేదమ్మా. అదీ నిండు ప్యాంటుతోనే."

నా తలలో బల్బు వెలిగింది. ఈ ఆట ఆడేవాళ్ల కాళ్లు చూడాలి. మోకాళ్ల కింద పాత గాట్లు, తెల్లటి మచ్చలు లేనివాడు ఉండడు. రేపుగారు ఎంత ఎండలో వచ్చినా చీలమండల దాకా ప్యాంటే. ఎందుకు దాస్తున్నాడు? చూపించడానికి అక్కడ ఏమీ లేదు కాబట్టి. ఇంకేం కావాలి నాకు?

ఆ సాయంత్రం టీ ఇస్తూ మామూలుగా కదిలించాను. "మీకు తోడబుట్టినవాళ్లెవరూ లేరా?"

"తమ్ముడున్నాడండీ."

"ఏం చేస్తాడు?"

రేపుగారు కప్పులోకి చూస్తూ నీళ్లు నమిలాడు. "వేరే ఊళ్లో ఉంటాడు."

"ఆదివారం వస్తాడుగా మరి?"

"రాలేడేమో. పనుంటుంది."

"అన్న పెళ్లి మాటల కంటే పెద్ద పనా?"

చెల్లి గబగబా బిస్కెట్ల పళ్లెం మా మధ్యలోకి తోసి, షెడ్డు కప్పు కారుతోందని ఏదో మొదలుపెట్టింది. కప్పు కారడానికి వాన పడి ఎన్నాళ్లయింది? ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. రెక్క అబద్ధం, కాళ్లు అబద్ధం, ఇప్పుడు తమ్ముడు కూడా అబద్ధమే. పైగా మా పిల్ల అతన్ని వెనకేసుకొస్తోంది.

శనివారం పొద్దున సముద్రం ఇస్త్రీ చేసినట్టుంది. నడుమెత్తు అలలు, తీరిగ్గా ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. గాలి కూడా ఒడ్డునుంచి సముద్రం మీదికి, అలల మొహాన్ని నిలబెట్టేలా వీస్తోంది. ఇంతకంటే మంచి రోజు నేను కోరుకున్నా రాదు. బోర్డు నేనే షెడ్డులోంచి మోసుకొచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టాను.

"ఇవాళేం వంక?"

రేపుగారు చాలాసేపు నీళ్లకేసి చూశాడు. "ఆటు తీస్తోంది వదినగారూ. నీళ్లు తగ్గిపోతున్నాయి. అదిగో, ఆ అల మధ్యలో తెల్లగా విరుగుతోంది చూడండి, అక్కడ అడుగున ఇసుకమేట ఉంది. మీ తెడ్డు బోర్డుకైతే జానెడు నీళ్లు చాలు. దీనికి మాస్టంత లోతు కావాలి. సాయంత్రానికి పోటొస్తుంది గానీ, అప్పటికి గాలి తిరుగుతుంది. రేపు..."

"ఆపండి!" అన్నాను. ఒడ్డున నడిచేవాళ్లు ఆగి చూశారు. చూడనీ. "అసలు మీకు ఆడడం వచ్చా, రాదా? ఆ అరగదీసిన రెక్క ఏ పాత సామాన్ల కొట్లో దొరికింది? ఆ ప్యాంటు కింద ఏం దాస్తున్నారు? తమ్ముడనేవాడు ఉన్నాడా, లేక వాడు కూడా రేపే వస్తాడా? మేం ఇచ్చేది ఇంటి పిల్లని, కళ్లద్దాలు కొనుక్కోవడానికి రాలేదు మీ దగ్గరికి!"

అతని మొహం పాలిపోయింది. వంగి బోర్డును నీళ్లకి దూరంగా జరిపాడు. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది.

చెల్లి హెల్మెట్టు తీసి తలకు పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. "ఆ బోర్డు లేవడం చూడాలి నీకు, అంతేగా? చూడు."

"వద్దు. ఇప్పుడొద్దు, నా మాట విను," అంటూ అతను చెయ్యి పట్టుకోబోయాడు. అది విదిలించుకుని బోర్డు చంకన పెట్టుకుని, తెడ్డు అందుకుని నీళ్లలోకి వెళ్లిపోయింది.

నేను ఆపొచ్చు. నేను "ఆగు" అంటే అది ఆగుతుంది. కానీ ఆపలేదు. అది వెళ్తే ఇతనేం చేస్తాడో, ఎలా తప్పించుకుంటాడో చూద్దామని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అది అలలు విరిగే చోటు దాటి లోపలికి వెళ్లి, బోర్డు మీద లేచి నిలబడింది. మొదటి అలను వదిలేసి రెండోదాన్ని పట్టుకుంది. నాలుగు తెడ్లు గట్టిగా వేసింది, బోర్డు నీళ్లలోంచి లేచింది. అబ్బ, ఎంత బాగా లేచిందో! రెక్క కూత మొదలుపెట్టింది, పొయ్యి మీది కెటిల్ మరగబోయే ముందు సన్నగా కూసినట్టు. 'చూశావా, మొండి అంచు' అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. పక్కన రేపుగారు లేడు. అప్పటికే నీళ్లలో పరుగెడుతున్నాడు.

కూత ఆగిపోయింది. రెక్క ఇసుకలో దిగబడి, బోర్డు మేకు కొట్టినట్టు ఉన్నచోటే నిలిచిపోయింది. మా పిల్ల ముందుకు ఎగిరి పడింది. వెనకొచ్చిన అల బోర్డును తలకిందులు చేసి ఎత్తి, రెక్కతో సహా దాని మీద విసిరేసింది. అరిచానో లేదో నాకు గుర్తులేదు. తల్లీ, నీ బదులు నన్ను తీసుకుపోనీ అనుకున్నది మాత్రం గుర్తుంది. బాబాయ్ విజిల్ వేస్తూ పరుగెత్తాడు. ఆయన చేరేసరికే అతను దాన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని వస్తున్నాడు. నీళ్లలో రక్తం కోసం వెతికాను. కనిపించలేదు. అయినా వెతుకుతూనే ఉన్నాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ దాని తొడ చూసి, "దేంతో తగిలింది?" అంది.

"ఫాయిల్ రెక్క."

"రెక్కా?" ఆమె మళ్లీ వంగి చూసింది. "రెక్కయితే తెగాలే. అదీ తెగకూడని చోటు. ఇక్కడ పెద్ద రక్తనాళం ఉంటుంది, ఇంతదూరం తీసుకొచ్చే టైం ఉండేది కాదు. అదృష్టమండీ మీది."

తొడ లోపలివైపు అడ్డంగా, ముదురు ఊదా రంగులో, జానెడు పొడవున కమిలిపోయి ఉంది. చర్మం మాత్రం ఎక్కడా చిట్లలేదు. కమిలిన ఆ గీత నా బొటనవేలికి తెలుసు. ఆ మొండి అంచు పొడవునా నేనే వేలితో తడిమి చూశాను. బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాను.

అదే బెంచీకి ఆ చివర అతను కూర్చుని ఉన్నాడు. తడిసిన ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకున్నాడు. మోకాళ్ల కింద ఒక్క చోటు ఖాళీ లేదు. అన్నీ పాత గాట్లే, తెల్లగా, అడ్డదిడ్డంగా. నాకు సిగ్గేసింది. తల దించుకున్నాను.

"ఎముక విరగలేదంది డాక్టరమ్మ," అన్నాను.

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చేతులు తీయకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. "మా తమ్ముడికి నేనే నేర్పానండీ. ఇలాగే ఆటు తీస్తోంది ఆవేళ. ఇంకొక్క అల అన్నాడు, సరే అన్నాను. ఇసుక తగిలి పడ్డాడు. వెనకే నేనొస్తున్నాను, ఆపుకోలేకపోయాను. నా రెక్కే వాడి పిక్క మీంచి పోయింది. ఇప్పటికీ కాలు ఈడుస్తాడు. నాతో మాట్లాడడు. అప్పట్నుంచి నేను ఎక్కలేదు. రెక్క మాత్రం కూర్చుని అరగదీశాను."

"మరి దానికెందుకు నేర్పడం?"

"మానమనే చెప్పాను. నువ్వు నేర్పకపోతే ఇంకొకరి దగ్గర నేర్చుకుంటానంది. వాళ్ల రెక్కలు పదునుగా ఉంటాయి కదా."

"ఈ ముక్క నాకు ముందే చెప్పి చావొచ్చుగా!"

అతను గది తలుపు వైపు చూశాడు. లోపల్నుంచి నీరసంగా చెల్లి గొంతు వినిపించింది. "నేనే వద్దన్నానక్కా. తమ్ముడి కాలు కోసినవాడికి పిల్లనిస్తానా అంటావు. ఇక ఆ పైన ఏం చెప్పినా వినవు."

అంటాను. సరిగ్గా అవే మాటలు అనేదాన్ని. దానికి నా సంగతి నాకంటే బాగా తెలుసు.  ఏడుపొచ్చినప్పుడు నాకు మాట పెళుసుగానే వస్తుంది, ఏం చెయ్యను.

ఫోన్ తీశాను. "మీ తమ్ముడి నంబరు చెప్పు."

"ఎందుకు వదినగారూ?"

ఈసారి దిద్దలేదు. "నువ్వు చెప్పిందంతా నిజమో కాదో అతన్నే కనుక్కుంటా. నిజమే అయితే, రేపు అమ్మానాన్నలతో పాటు బయల్దేరమంటా. రానంటే నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొస్తా. నాతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు."

అతను జేబులో చెయ్యి పెట్టలేదు, ఫోన్ కోసం చూడలేదు. మాట్లాడని తమ్ముడి నంబరు ఒక్క అంకె కూడా తడుముకోకుండా నోటితోనే చెప్పేశాడు. 

"అక్కా, కాస్త మర్యాదగా మాట్లాడు," అంది చెల్లి లోపల్నుంచి.

అవతల మోగుతోంది. చాలాసేపటికి ఎవరో ఎత్తి, "ఎవరండీ?" అన్నారు.

"మీ అన్నకి వదినని," అన్నాను.