కనిషాయ్ యజమానురాలైంది

కడుపు నిలిచిందన్న సంగతి కనిషాయ్ మొగుడి కంటే ముందు జూరక్కకే చెప్పింది. చెప్పకపోతే ఎవరికి చెప్పుకుంటుంది పాపం? రెండుసార్లు కడుపు పోయిన మనిషి. మూడోసారి ఆ మాట పైకి అనాలంటేనే భయం. మొగుడు ఉలర్‌కి చెబితే అప్పుడే ఉయ్యాల చేయడానికి కర్రలు వెతుక్కుంటాడు, మళ్ళీ పోతే వాడి మొహం చూడడం తన వల్ల కాదు. అత్తకు చెబితే సాయంత్రానికి సగం బిష్కెక్ నగరానికి తెలిసిపోతుంది. జూరక్క అలా కాదు. గుండెల్లో దాచుకునే మనిషి, అని అనుకుంది పిచ్చితల్లి.

జూరక్కది కుట్టు కార్ఖానా. ఒక పాత భవనం కింద నేలమాళిగలో వరసగా మిషన్లు. అక్కడ కుట్టిన గౌన్లు మూటలు కట్టుకుని రష్యా సంతలకు పోతాయి. పెళ్ళికి ముందు, పని వెతుక్కుంటూ నగరానికి వచ్చిన రోజుల నుంచీ కనిషాయ్ అక్కడే గుడ్డ కత్తిరిస్తోంది. పెళ్ళినాడు తలకు తెల్లరుమాలు కట్టింది కూడా జూరక్కే. అత్త బతికుండగా ఆ పని పరాయి మనిషి చేయడమేమిటని చుట్టాలు మూతులు తిప్పారు. "పరాయిదాన్నా? ఇది నా చెల్లెలు!" అని అందరి ముందూ గట్టిగా అరిచింది ఆవిడ. ఆ ఒక్క అరుపుకి కనిషాయ్ జన్మంతా అమ్ముడుపోయింది.

సంగతి వినగానే జూరక్క కనిషాయ్‌ని వాటేసుకుని భోరున ఏడ్చింది. దిష్టి తగలకుండా తూ తూ అని పక్కకి ఉమ్మింది. "ఎవరికీ చెప్పకే. మీ ఆయనకీ ఇప్పుడే వద్దు. నీకు నేను లేనూ?" అంది.

వారం తిరక్కుండానే గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. "నిన్ను ఇంకా జీతగత్తెగా ఉంచడం నాకే సిగ్గుగా ఉంది చెల్లీ. పేటెంట్ తీసుకో" అంది.

పేటెంటంటే కొత్త యంత్రం కనిపెట్టిన వాళ్ళకిచ్చేది కాదు లెండి. మా ఊళ్ళో సొంతంగా పని చేసుకునేవాళ్ళు పన్నుల ఆఫీసులో కొనుక్కునే చీటీ అది.

"అది సంతలో కొట్టు పెట్టుకునేవాళ్ళకి కదక్కా? నాకెందుకు?"

"నీకేం తక్కువే? నీ కత్తెర నీది, నీ చెయ్యి నీది. ఇకనుంచి నేను నీకు పని తెచ్చిచ్చే బేరగత్తెని. నువ్వు యజమానురాలివి. ఎప్పుడొస్తావో, ఎప్పుడు పోతావో నీ ఇష్టం."

"మరి కాన్పప్పుడు సెలవూ అదీ..."

"చూడు, చూడు! మన మధ్య కాగితాలు కావాల్సొచ్చిందా?" జూరక్క మొహం చిన్నబుచ్చుకుంది. "నేను చూసుకోనూ?"

కనిషాయ్‌కి తల కొట్టేసినట్టయింది. ఎంత మాట అడిగేశాను అనుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. సంతకం పెట్టాక జూరక్క చెయ్యి పట్టుకుని సారీ కూడా చెప్పింది, అదీ మన కనిషాయ్!

ఆ ఆదివారం జూరక్క తన ఇంట్లో ఆమె పేరు మీద గొర్రెను కోయించింది.

మాంసం పంచడంలో మావాళ్ళకి పట్టింపు ఎక్కువ. ఎవరి ముక్క వాళ్ళకే పోవాలి, ఒకరిది ఒకరికి పోయిందా, ఏళ్ళ తరబడి మాటలుండవు. అంతకుముందు ఆ ఇంట్లో ఎన్ని విందులు జరిగినా కనిషాయ్ చోటు టీ నీళ్ళు కాగే సమోవర్ పక్కనే. అందరికీ టీ పోస్తూ, చివర్లో వంటింట్లో నిలబడి మెడ ముక్కో ఎముకో కొరుక్కునేది. ఆ రోజు మాత్రం జూరక్క ఆమెను గుమ్మానికి ఎదురుగా, గౌరవం చోటులో కూర్చోబెట్టింది. పెద్ద వయసు ఆడవాళ్ళకు పెట్టే నడుం కింది కొవ్వు ముక్క తెచ్చి ఆమె పళ్ళెంలో పెట్టింది. కనిషాయ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత ఎత్తుకు ఎక్కించింది మా అక్క అని పొంగిపోయింది. ఓసి పిచ్చిదానా, పెద్ద ముక్క పెట్టేది అతిథికే! ఇంటి మనిషి వంటింట్లోనే తింటుంది. అతిథికి తిన్నంతసేపూ మర్యాద, తిన్నాక కోటు తెచ్చి చేతికిస్తారు. మావాళ్ళలోనే పుట్టి పెరిగిన మనిషి, ఆ మాత్రం తట్టలేదు. గౌరవం అలాంటిది, కళ్ళు కప్పేస్తుంది.

కుట్టే ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఎవరి పళ్ళెం వాళ్ళు చూసుకుంటూ తిన్నారు. ఆమె బల్ల పక్క మిషన్ మీద కుట్టే బెర్మెత్ మాత్రం ఆ పళ్ళెం వంకా, ఆమె పొట్ట వంకా చూసి తల దించుకుంది. కుళ్ళు అనుకుంది కనిషాయ్.

యజమానురాలయ్యాక మారిందేమిటయ్యా అంటే ఏమీ లేదు. పొద్దున్న అదే వేళకి రావాలి, అదే బల్ల దగ్గర నిలబడాలి. ఒకరోజు ఆలస్యమైతే జూరక్క గడియారం వంక చూసింది కూడా.

పొట్ట కాస్త కనబడే వేళకి నడుం లాగడం మొదలైంది. డాక్టరమ్మ పరీక్ష చేసి కళ్ళద్దాలు తీసింది. "కాన్పయ్యేదాకా మంచం దిగకూడదు. ఈ బిడ్డ నిలవాలంటే నువ్వు నిలబడకూడదు. ఉద్యోగమేనా? సెలవు పెట్టు, నేను రాసిస్తాను."

కనిషాయ్‌కి భయం వేసింది గానీ, గుండె జారిపోలేదు. ఉలర్‌కి గోడలకు సున్నం పూసే పని, దొరికిన రోజు దొరుకుతుంది, లేని రోజు లేదు. ఇల్లు నడిచేది ఆమె సంపాదనతోనే. అయితేనేం, జూరక్క ఉంది.

కార్ఖానా గదిలో కూర్చోబెట్టుకుని జూరక్క అంతా ఓపిగ్గా విన్నది. తర్వాత చాలా మెత్తగా అంది. "అయ్యో, నేనెలా ఇస్తానే సెలవు? నువ్వు మా దగ్గర పనిచేసేదానివి కాదు కదా. యజమానురాలివి. నీ సెలవు నువ్వే ఇచ్చుకోవాలి."

వేళాకోళమనుకుని కనిషాయ్ నవ్వబోయింది. జూరక్క నవ్వలేదు.

"పోనీ జీతం మాటొదిలెయ్ అక్కా. బిడ్డ పుట్టాక నా బల్ల నాకుంటుందా? ఆ ఒక్క మాట చెప్పు చాలు."

"అప్పటికి పని ఉంటే చూద్దాంలే. టీ తాగు." జూరక్క గిన్నె అందుకుని, అంచుదాకా పోసి, ఆమె ముందు పెట్టింది.

టీ కొంచెం కొంచెం పోస్తే ఇంకా కూర్చోమని. నిండా పోస్తే తాగి లెమ్మని. పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు మా దగ్గర. అన్నేళ్ళు ఆ ఇంట్లో టీ పోసిన కనిషాయ్ ఆ గిన్నె వంక చూసింది. "నువ్వు... నాకు... నిండా పోశావా అక్కా?" అంది. జూరక్క ఫోన్ తీసి ఎవరికో చేస్తోంది.

ఎలా మెట్లెక్కిందో తెలియదు, పెరట్లోకి వచ్చింది. మధ్యాహ్నం విరామంలో ఆడవాళ్ళు బెంచీ మీద రొట్టె తింటున్నారు. ఆమెను చూసి మాటలు ఆపేశారు. ఆమె ఏడుస్తూనే మొత్తం చెప్పింది. "నా కడుపు సంగతి మా ఆయనకన్నా ముందు ఆవిడకే చెప్పానే! నన్ను పట్టుకుని ఏడ్చిందే!"

"మనతో పనిచేసిన గుల్సున్‌ని కూడా పట్టుకుని ఏడ్చింది" అంది బెర్మెత్. "నూర్‌జమాల్‌నీ. ఏడ్చాక ఇద్దరికీ గొర్రెలు కోసింది. ఆ విందుల్లో మాకు టీ పోసింది నువ్వేగా?"

నిజమే, కనిషాయే పోసింది. చప్పట్లు కూడా కొట్టింది. "వాళ్ళు... పిల్లలు పుట్టాక ఇంట్లోనే ఉండిపోయారనుకున్నాను."

"ఉండిపోయారా! గుల్సున్ చంటిదాన్ని ఎత్తుకుని ఈ గుమ్మంలోనే నిలబడింది. మిషన్ ఖాళీ లేదంది మీ అక్క."

"మరి నాకొక్క మాట చెప్పలేదేమే? పక్కపక్కనే పనిచేశాం కదే బెర్మెత్! నా బతుకు మునిగిపోతుంటే చూస్తూ కూర్చున్నావా?"

బెర్మెత్ రొట్టె ముక్క ఒళ్ళో పెట్టుకుంది. కోపం కన్నా ఇబ్బందే ఎక్కువగా ఉంది ఆ మొహంలో. "నీకెవరు చెబుతారు? నువ్వు ఆవిడ మనిషివి. గుల్సున్ చెప్పకముందే దాని కడుపు సంగతి ఆవిడ చెవిన వేసింది నువ్వేననుకున్నాం. మేమందరం అలాగే అనుకున్నాం."

"నేనా? నా కడుపులో బిడ్డ మీద ఒట్టు, నేనెవరికీ..."

"అయ్యయ్యో, ఒట్లు పెట్టకే! దాని మీదా ఒట్టు?" బెర్మెత్ గభాలున లేచి ఆమె నోరు మూసింది. "నమ్ముతున్నాంలే. ఇప్పుడు నమ్ముతున్నాం. నీకూ గొర్రెను కోసింది కదా."

అందరూ జరిగి బెంచీ మీద చోటిచ్చారు. కనిషాయ్ కూర్చుంది. విరామం అయిపోయి వాళ్ళందరూ కిందికి వెళ్ళిపోయినా, డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తుకొచ్చి, లేవడానికి భయపడుతూ అక్కడే కూర్చుంది.